ఎదుగుదల వైకల్యాలున్న పిల్లల్లో అకాల మరణ ప్రమాదం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: ఎదుగుదల వైకల్యాలంటే ఏవి? ఆ పిల్లలందరికీ ఆయుష్షు తక్కువేనా?

మెదడు ఎదుగుదలలో పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన తొలి ఏళ్లలోనో ఏర్పడిన లోపం వల్ల కదలిక, మాట, తెలివి, ప్రవర్తన దీర్ఘకాలం దెబ్బతినే స్థితులను కలిపి ఎదుగుదల వైకల్యాలు అంటున్నారు. సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికా, కండరాల అదుపూ తప్పే స్థితి), మేధో వైకల్యం, డౌన్ సిండ్రోమ్, ఆటిజం వీటిలో మనకు తరచుగా వినిపించే పేర్లు. మన దేశంలో హైదరాబాద్ సహా ఐదు చోట్ల జరిపి 2018లో ప్రచురించిన ఒక సర్వే, రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో సుమారు ఎనిమిది మందిలో ఒకరికి ఏదో ఒక నాడీ ఎదుగుదల లోపం ఉన్నట్టు తేల్చింది. ఆ లెక్కలో వినికిడి లోపం, చదువులో ఇబ్బంది కూడా ఉన్నాయి కాబట్టి, వారిలో అత్యధికుల ఆయుష్షు గురించి బెంగ పడవలసిన పని లేదు. ఇక్కడి జవాబులు ముఖ్యంగా తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లలకూ, ఫిట్స్ గానీ గుండె లోపం గానీ తోడైన పిల్లలకూ, ప్రమాదాన్ని గుర్తించలేని పిల్లలకూ సంబంధించినవి.

ప్రశ్న: ప్రాణం తీసేది వైకల్యమేనా?

చాలా సందర్భాల్లో కాదు. మరణ ధ్రువపత్రంలో సెరెబ్రల్ పాల్సీ అని రాసి ఉన్నా, వెనక్కి వెళ్లి చూస్తే అసలు కారణం న్యుమోనియానో, ఆగని ఫిట్సో, తిండి చాలకపోవడమో, పేగు మూసుకుపోవడమో అయి ఉంటుంది. రోగనిర్ధారణ కాగితం మీద ఉన్న పేరు కన్నా, బిడ్డ తల నిలపగలడా, పక్కకు దొర్లగలడా, పెట్టింది నమిలి మింగగలడా అన్న మూడు ప్రశ్నలే ప్రమాదం గురించి ఎక్కువ చెబుతాయి.

ఈ సంగతి మొదట గట్టిగా బయటపడింది కాలిఫోర్నియా రాష్ట్రపు లెక్కల నుంచి. అక్కడి వైకల్య సేవల విభాగంలో నమోదైన సుమారు లక్ష మంది వివరాలను 1984 నుంచి 1987 వరకు పరిశీలించి, 1990లో ప్రచురించారు. తీవ్ర మేధో వైకల్యం ఉండి, కదలలేక, గొట్టం ద్వారానే ఆహారం తీసుకునేవారికి అప్పటి అంచనా ప్రకారం మిగిలిన ఆయుష్షు సగటున నాలుగైదేళ్లే. కదలలేకపోయినా ఎవరైనా తినిపిస్తే నోటితో తినగలిగేవారికి అది సుమారు ఎనిమిదేళ్లు; నడక రాకపోయినా ఎంతో కొంత కదలగలిగేవారికి సుమారు 23 ఏళ్లు. ముగ్గురి వైకల్యం పేరూ ఒకటే అయినా, ఆయుష్షులో మాత్రం అంత వ్యత్యాసం ఉంది.

కదలలేకపోవడం, మింగలేకపోవడం ఇంతగా ఎందుకు లెక్కలోకి వస్తాయంటే, మంచం మీద ఒకే భంగిమలో ఉండే బిడ్డ ఊపిరితిత్తుల్లో కఫం కిందికి చేరి నిలిచిపోతుంది, దగ్గి బయటికి తోసే బలం ఉండదు, ఏళ్లు గడిచేకొద్దీ వెన్ను వంకర తిరిగి ఛాతీని నొక్కుతుంది, దాని మీద ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా తప్పదు.

ప్రశ్న: మా పాప ఎన్నేళ్లు బతుకుతుందని అడిగితే డాక్టర్లు సూటిగా చెప్పరు. ఎందుకు?

పైన చెప్పినవి గుంపుల సగటులు గనుక. ఒకే స్థాయి వైకల్యం ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు ఐదో ఏట పోవచ్చు, మరొకరు నలభై దాటవచ్చు. పైగా ఆ సగటులు కూడా ఒక్కచోట నిలిచి లేవు. అదే కాలిఫోర్నియాలో 1983 నుంచి 2002 వరకు చూసిన మరో అధ్యయనంలో, తీవ్ర వైకల్యం ఉన్న సెరెబ్రల్ పాల్సీ పిల్లల మరణాల రేటు ఏటా 3.4 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. వైకల్యం మారలేదు, సంరక్షణ మారింది. అందువల్ల ఎన్నేళ్లు అన్న ప్రశ్న కన్నా, మా పాపకు ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఏది, దాన్ని తగ్గించడానికి ఏం చేయవచ్చు అన్న ప్రశ్నకు డాక్టరు నుంచి పనికొచ్చే జవాబు వస్తుంది.

ప్రశ్న: తినిపించేటప్పుడు పొలమారడం మామూలే కదా?

ఎప్పుడో ఒకసారి పొలమారితే మన ఇళ్లలో ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తట్టి ఊరుకుంటాం. కానీ ప్రతి పూటా పొలమారే బిడ్డ విషయంలో అది మాట వరసకు తీసిపారేయవలసిన సంగతి కాదు, ఎందుకంటే ఆహారమో లాలాజలమో ఊపిరితిత్తుల్లోకి జారడమే ఈ పిల్లల్లో న్యుమోనియాకూ, ఆ దారిన మరణానికీ అతి పెద్ద కారణం. ఇంకా చిక్కు ఏమిటంటే, కొందరు పిల్లలకు దగ్గు కూడా రాదు. జారింది జారినట్టే లోపలికి వెళ్లిపోతుంది, బయటికి ఏమీ తెలియదు. అటువంటప్పుడు చూడవలసిన గుర్తులు వేరు: తింటుండగా కళ్లలో నీళ్లు తిరగడం, తిన్నాక గొంతులో గరగర, గొంతు తడిసినట్టు మారడం, ఒక్క పూట తిండికి అరగంటకు మించి పట్టడం, నెల రెండు నెలలకోసారి జ్వరంతో ఆయాసం రావడం.

మనం తినిపించే పద్ధతిలోనే మార్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పసిబిడ్డను చాచిన కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో నోట్లో పోయడం మన అమ్మమ్మల నాటి అలవాటు. మింగడం సరిగా రాని బిడ్డకు ఇది ప్రమాదకరం. తల వెనక్కి వాలితే శ్వాసనాళపు దారి తెరుచుకుంటుంది, పోసింది అటే పోతుంది. వీపు నిటారుగా, నడుము దగ్గర ఆనుకునేలా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా ఛాతీ వైపు వంచి, చెంచా ఎదురుగా కింది నుంచి అందించాలి. తిన్న తరువాత కనీసం అరగంట పడుకోబెట్టకూడదు.

ఏం పెడుతున్నామన్నది కూడా అంతే ముఖ్యం. పల్చని పదార్థాలే తేలిగ్గా దిగుతాయని అనుకుంటాం గానీ, ఈ పిల్లల్లో అదుపు తప్పి వేగంగా జారేవి నీళ్లు, పల్చటి పాలు, మజ్జిగ. అన్నిటికన్నా కష్టమైనది చారన్నం, ఎందుకంటే అందులో నీళ్లు ఒక వేగంతో, మెతుకులు ఒక వేగంతో కదులుతాయి; బలహీనమైన నాలుక రెండిటినీ ఒకేసారి సంబాళించలేదు. మెత్తగా మెదిపిన పప్పన్నం, చిక్కటి రాగి జావ, బాగా నానబెట్టి మెదిపిన ఇడ్లీ వంటివి చాలామందికి సురక్షితం. అయితే ఎవరికి ఎంత చిక్కదనం సరిపోతుందో మింగుడు సమస్యలు చూసే స్పీచ్ థెరపిస్టు తేల్చాలి. అవసరమైతే ఎక్స్‌రే కింద మింగించి చూసే వీడియో పరీక్ష చేయిస్తారు.

నోటి శుభ్రతను ఎవరూ పట్టించుకోరు. పళ్లు తోమని నోటిలోని సూక్ష్మక్రిములు లాలాజలంతో పాటు లోపలికి జారినప్పుడు న్యుమోనియా మరింత తీవ్రమవుతుంది. నోటితో ఏమీ తినని బిడ్డకు కూడా రెండు పూటలా పళ్లు తోమాలి.

ప్రశ్న: గొట్టం పెడితే ఆయుష్షు తగ్గుతుందని అంటారు. నిజమా?

గణాంకాల్లో గొట్టం ద్వారా ఆహారం తీసుకునే పిల్లల మరణాలు ఎక్కువగా కనిపించే మాట నిజమే. కానీ గొట్టం వేయవలసి వచ్చిందంటే అప్పటికే మింగుడు బాగా దెబ్బతిన్నదని అర్థం. ప్రమాదం ప్రధానంగా అక్కడి నుంచి వస్తోంది. బిడ్డ చిక్కిపోయి, తరచు న్యుమోనియా వస్తున్నా గొట్టం వద్దని నెలల తరబడి లాక్కురావడమే అసలు నష్టం.

ముక్కు ద్వారా వేసే రైల్స్ ట్యూబ్ కొద్ది వారాల అవసరానికే. అది పక్కకు తప్పి ఊపిరితిత్తుల్లోకి చేరే అవకాశం ఉంటుంది కాబట్టి, ముక్కు దగ్గర ట్యూబ్ మీద ఉన్న గుర్తు కదలలేదని చూసుకుని, ఆస్పత్రిలో నేర్పినట్టు జీర్ణరసం వస్తోందని నిర్ధారించుకున్నాకే పాలు పోయాలి. దీర్ఘకాలం అవసరమైతే పొట్ట గోడ ద్వారా నేరుగా జీర్ణాశయంలోకి వేసే పెగ్ ట్యూబ్ మేలు. అది పెట్టాక కూడా లాలాజలం జారడం, కడుపులోది పైకి తన్నడం ఆగవు. న్యుమోనియా పూర్తిగా పోతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మనవసరం లేదు.

ప్రశ్న: ఇలాంటి పిల్లలు సన్నగానే ఉంటారు కదా, బరువు గురించి ఎందుకు అంత పట్టింపు?

సన్నగా ఉండటం ఈ పిల్లల నైజం అన్న అపోహ వల్ల పోయిన ప్రాణాలు ఎన్నో. సెరెబ్రల్ పాల్సీ పిల్లల కోసం ప్రత్యేకించి తయారుచేసిన బరువు పట్టికలు 2011లో వెలువడ్డాయి. అవి పిల్లలను సాధారణ పిల్లలతో కాక, తమలాంటి కదలిక స్థాయి ఉన్న పిల్లలతోనే పోల్చి చూస్తాయి. ఆ పోలికలో కూడా, తీవ్ర వైకల్యం ఉన్నవారిలో అట్టడుగు ఇరవై శాతంలో ఉన్న పిల్లలకు మరణ ప్రమాదం ఎక్కువని తేలింది. నడవగలిగే పిల్లల్లోనైతే అట్టడుగు ఐదు శాతం దగ్గర ఆ గీత ఉంది.

నిలబడలేని బిడ్డను తూచలేమని చాలామంది వదిలేస్తారు. తల్లి బిడ్డను ఎత్తుకుని ఒకసారి, బిడ్డ లేకుండా ఒకసారి తూగితే తేడాయే బిడ్డ బరువు. అంగన్‌వాడీలో పెద్దవాళ్లను తూచే యంత్రం ఉన్నా ఈ పని అవుతుంది. మూడు నెలలపాటు బరువు పెరగకపోతే, పెరిగే వయసులో అది తగ్గడంతో సమానం. పరిమాణం పెంచకుండా శక్తి పెంచాలంటే జావలో నెయ్యి, నూనె, వేరుశెనగ ముద్ద కలపడం, రోజుకు మూడు పెద్ద పూటలకు బదులు ఆరు చిన్న పూటలు పెట్టడం పనిచేస్తాయి.

ప్రశ్న: ఫిట్స్ వచ్చే పిల్లలకు ప్రమాదం ఎంత ఎక్కువ?

వైకల్యానికి ఫిట్స్ తోడైతే ప్రమాదం గణనీయంగా పెరుగుతుంది. స్వీడన్ జనాభా లెక్కల ఆధారంగా 2016లో వెలువడిన అధ్యయనంలో, ఆటిజంతో పాటు మేధో వైకల్యం కూడా ఉన్నవారిలో మరణానికి ప్రధాన కారణాల్లో మూర్ఛ ముందు వరుసలో ఉంది. ఫిట్స్ రెండు రకాలుగా ప్రాణం మీదికి తెస్తాయి: ఆగకుండా సాగిపోవడం ఒకటి, ఎవరూ చూడని వేళ, అందులోనూ నిద్రలో, హఠాత్తుగా ప్రాణం పోవడం రెండోది.

ఫిట్ ఐదు నిమిషాలు దాటితే దానంతట అది ఆగే అవకాశం తగ్గుతుంది. అందుకే ఐదు నిమిషాలు అన్నది అత్యవసర చికిత్స మొదలుపెట్టే గడువు. మొదలైన క్షణంలోనే గడియారం చూడాలి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మెడ దగ్గర బట్టలు వదులు చేయాలి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయో చెప్పో వాసన చూపించడం వల్ల ఫిట్ ఆగదు. దాని మానాన అది ఆగినప్పుడు వాటికి పేరు వచ్చింది. పళ్ల మధ్య చెంచా దూర్చడం, నీళ్లు పోయడం మాత్రం నిజంగా ప్రాణం తీయగలవు. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఇప్పుడు మందుల షాపుల్లో డాక్టరు చీటీ మీద దొరుకుతుంది. బిడ్డ బరువుకు తగిన మోతాదు ముందే రాయించుకుని, ఇంట్లో ఒకటి, బడి సంచిలో ఒకటి ఉంచి, బిడ్డను చూసుకునే ప్రతి ఒక్కరికీ వాడటం నేర్పాలి. స్ప్రే కొట్టాక కూడా ఫిట్ ఆగకపోయినా, ఊపిరి కష్టమైనా 108కి ఫోన్ చేయాలి.

ఫిట్స్ తిరగబెట్టడానికి వెనుక తరచూ కనిపించేది మందు తప్పిపోవడం. ఊరు వెళ్లేటప్పుడు సీసా మరచిపోవడం, రెండు నెలలు ఫిట్ రాలేదు కదా అని మందు ఆపేయడం, పసరు మందు వేయిస్తున్నామని ఇంగ్లిష్ మందు నిలిపేయడం, నెల చివర డబ్బుల్లేక మోతాదు సగం చేయడం. ఇవన్నీ ఒకే చోటికి దారితీస్తాయి.

ప్రశ్న: నిద్రలో హఠాత్తుగా పోవడం గురించి డాక్టర్లు ఎందుకు ముందే చెప్పరు?

భయపెట్టడం ఇష్టంలేక. కానీ తెలిసిన కుటుంబమే జాగ్రత్త పడుతుంది కాబట్టి చెప్పడమే న్యాయం. 2017లో అమెరికా నాడీ వైద్యుల మార్గదర్శకాలు ఫిట్స్ ఉన్న పిల్లల్లో ఇటువంటి మరణం ఏటా 4,500 మందిలో ఒకరికి అని అంచనా వేశాయి. ఆ తరువాత స్వీడన్, కెనడాల్లో జరిగిన అధ్యయనాలు అది పెద్దవాళ్లలో ఉన్నంతే, అంటే ఏటా వెయ్యికి ఒకటి దరిదాపుల్లో ఉండవచ్చని చూపాయి. ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్ ఏడాదికి మూడు, అంతకు మించి వచ్చేవారిలో ప్రమాదం ఎక్కువ. డ్రావెట్ సిండ్రోమ్ వంటి కొన్ని జన్యు సంబంధమైన మూర్ఛల్లో మరీ ఎక్కువ. పెద్ద ఫిట్స్‌ను వీలైనంత తగ్గించడమే ప్రధాన రక్షణ. రాత్రిపూట బిడ్డ పక్కనో, అదే గదిలోనో పెద్దవాళ్లు పడుకోవడం కూడా ప్రమాదాన్ని తగ్గిస్తుందని తేలింది. ఎదిగిన పిల్లవాడికి విడిగా గది ఇవ్వాలన్న ఆరాటం లేని మన ఇళ్లలో ఇది సహజంగానే కుదురుతోంది.

నీళ్ల దగ్గర ఫిట్స్ ఉన్న బిడ్డను ఒక్క నిమిషం కూడా వదలకూడదు. ఇంగ్లండ్‌లో 2013లో ఆటిజం, మూర్ఛ ఉన్న 18 ఏళ్ల యువకుడు ఒక చికిత్సా కేంద్రంలో ఉండగా స్నానపు తొట్టెలో ఫిట్ వచ్చి మునిగి మరణించాడు. ఆ మరణంలో నిర్లక్ష్యం పాత్ర ఉందని విచారణ జ్యూరీ తేల్చింది. చెంబుతో స్నానం చేసే మన దగ్గర తొట్టె ఉండకపోవచ్చు గానీ, నిండా నీళ్లున్న బకెట్, గడియ పెట్టిన స్నానాల గది ఉంటాయి.

ప్రశ్న: ఆటిజం ఉన్న పిల్లలు ఆరోగ్యంగానే ఉంటారు కదా, వారికేం ప్రమాదం?

శరీరపరంగా ఆరోగ్యంగా ఉండి, చురుగ్గా పరుగెత్తగలగడమే వారి ప్రమాదానికి మూలం. అమెరికాలో 2012 నాటి ఒక సర్వేలో, ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది నాలుగేళ్లు దాటాక కనీసం ఒక్కసారైనా ఇంటి నుంచో బడి నుంచో చెప్పకుండా వెళ్లిపోయే ప్రయత్నం చేశారు. అక్కడి మరణ ధ్రువపత్రాలను విశ్లేషించి 2017లో ప్రచురించిన లెక్క ప్రకారం, పదిహేనేళ్లలోపు ఆటిజం పిల్లలు నీట మునిగి చనిపోయే అవకాశం ఇతర పిల్లలకన్నా సుమారు 160 రెట్లు. నీళ్లు వారిని ఆకర్షిస్తాయి. లోతు, ప్రమాదం అన్న ఊహ ఉండదు. కేకేసి సాయం అడగలేరు.

మన ఊళ్లలో ఇంటి ముందరి నీళ్ల సంపు, గట్టు లేని బావి, చెరువు, పంట కాలువ, కట్టడానికి తవ్వి వదిలేసిన గుంత అన్నీ ఈ జాబితాలోకి వస్తాయి. సంపు మూతకు తాళం వేయడం చాలా చిన్న పని. బిడ్డ కనిపించకపోతే మొదట చుట్టాల ఇళ్లలో, బస్టాండులో వెతుకుతాం. ముందు వెతకవలసింది దగ్గరలో ఉన్న నీళ్ల దగ్గర. ఈత నేర్పడం వీలైతే నేర్పాలి, కానీ ఈత వచ్చు కదా అని కాపలా మానకూడదు.

ప్రశ్న: డౌన్ సిండ్రోమ్ పిల్లల సంగతి?

వీరి కథ అన్నిటికన్నా ఆశాజనకమైనది. అమెరికాలో 1983లో సగటున 25 ఏళ్లుగా ఉన్న వీరి ఆయుష్షు ఇప్పుడు 60కి చేరింది, అందులో పెద్ద వాటా గుండె ఆపరేషన్లది. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. వినడానికి గుండె చప్పుడు మామూలుగా ఉన్నా పుట్టిన తొలి వారాల్లోనే ఎకో (గుండె స్కాన్) తీయించాలి. పై గదులకూ కింది గదులకూ మధ్య పెద్ద రంధ్రం ఉన్నప్పుడు ఆపరేషన్ సాధారణంగా ఆరు నెలల లోపు జరగాలి. ఆలస్యమైతే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం శాశ్వతంగా పెరిగిపోయి, ఆపరేషన్ చేయడానికే వీలులేని స్థితి వస్తుంది. రెండేళ్లు వచ్చాక, కాస్త లావయ్యాక చూద్దామన్న ఆలోచన ఇక్కడ ప్రాణాంతకం. వీరికి రక్త క్యాన్సర్ అవకాశం, థైరాయిడ్ లోపం, నిద్రలో ఊపిరి ఆగడం కూడా ఎక్కువ గనుక ఏటా పరీక్షలు అవసరం.

ప్రశ్న: మలబద్ధకం కూడా ప్రాణాంతకమా?

అవును, అరుదుగానైనా. కదలిక లేకపోవడం, నీళ్లు తక్కువ తాగడం, కొన్ని మందులు కలిసి పేగును గట్టిపడిన మలంతో నింపేస్తాయి. మాట రాని బిడ్డ పొట్ట ఉబ్బి, పచ్చగా వాంతి చేసుకుంటూ, తిండి మానేసి ఏడుస్తుంటే అది దిష్టి కాదు, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లవలసిన సంగతి.

ప్రశ్న: ఎండాకాలంలో ప్రత్యేక జాగ్రత్తలు అవసరమా?

తెలుగు రాష్ట్రాల ఎండలకు ఈ ప్రశ్న ఇంకా ముందే రావలసింది. దాహమేస్తోందని చెప్పలేని బిడ్డ, తనంతట తాను నీడకు జరగలేని బిడ్డ వడదెబ్బకు సులువుగా గురవుతారు. ఫిట్స్‌కు వాడే టోపిరమేట్, జోనిసమైడ్ మందులు చెమటను తగ్గిస్తాయి. చొల్లు తగ్గడానికీ, కండరాల బిగువు తగ్గడానికీ వాడే కొన్ని మందులూ అంతే. చెమట పట్టకపోతే ఒళ్లు చల్లబడదు. ఒళ్లు కాలిపోతూ చెమట లేకపోతే జ్వరమని సిరప్ పోసి కూర్చోకుండా, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఆస్పత్రికి బయలుదేరాలి.

ప్రశ్న: మాది మేనరికం. దీనికీ ప్రమాదానికీ సంబంధం ఉందా?

ఉండవచ్చు. రక్తసంబంధంలో పెళ్లిళ్లు జరిగిన కుటుంబాల్లో, ఆహారాన్ని శరీరం విడగొట్టుకోలేని జన్యు లోపాలు కొంత ఎక్కువగా కనిపిస్తాయి. ఇటువంటి బిడ్డ మామూలుగా ఎదుగుదల మందగించినట్టే కనిపిస్తాడు; ఒక జ్వరమో, వాంతులో, ఒక పూట ఉపవాసమో వచ్చేసరికి హఠాత్తుగా మగతలోకి, అక్కడి నుంచి కోమాలోకి జారిపోతాడు. ఇంతకుముందు ఒక బిడ్డ పసితనంలో కారణం తెలియకుండా పోయి ఉంటే ఆ సంగతి తప్పకుండా డాక్టరుకు చెప్పాలి. ఇటువంటి కొన్ని లోపాలు ఉన్నవారికి ఫిట్స్ మందుల్లో వాల్‌ప్రొయేట్ కాలేయాన్ని దెబ్బతీసే ప్రమాదం ఉంది, రెండేళ్లలోపు పిల్లల్లో మరీను.

ప్రశ్న: టీకాలు వేయించవచ్చా? ఫిట్స్ ఉంటే వద్దంటారు కదా.

వేయించాలి. ఫిట్స్ చరిత్ర ఉన్నంత మాత్రాన టీకాలు ఆపనక్కరలేదు. ఏదైనా టీకా విషయంలో అనుమానం ఉంటే నిర్ణయం పిల్లల డాక్టరుది, పక్కింటివారిది కాదు. న్యుమోనియా నుంచి కాపాడే న్యూమోకాకల్ టీకా 2021లో దేశమంతటా ఉచిత టీకాల కార్యక్రమంలోకి వచ్చింది. ఏటా వేయించే ఫ్లూ టీకా ఆ జాబితాలో లేదు, కొనుక్కోవాలి. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్న పిల్లలకు ఆ ఖర్చు పెట్టదగ్గదే.

ప్రశ్న: ఆస్పత్రిలో “ఇలాంటి పిల్లలు అంతేనమ్మా” అంటే ఏం చేయాలి?

నా అభిప్రాయంలో ఈ పిల్లల విషయంలో అత్యంత ప్రమాదకరమైన వాక్యం అదే. కొత్తగా మొదలైన ఏడుపునో, మగతనో, తిండి మానడాన్నో వైకల్యం ఖాతాలో వేసేస్తే, లోపల ఉన్న చెవిపోటు, విరిగిన ఎముక, పేగు అడ్డం, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ బయటపడవు. ఇది మన దగ్గరే ఉన్న జాడ్యం కాదు. ఇంగ్లండ్ నైరుతి ప్రాంతంలో 2010 నుంచి 2012 వరకు మేధో వైకల్యం ఉన్న 247 మంది మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించిన విచారణలో, వారు సాధారణ జనాభా కన్నా పురుషులైతే 13 ఏళ్లు, స్త్రీలైతే 20 ఏళ్లు ముందుగా మరణిస్తున్నారని, రోగనిర్ధారణలోనూ చికిత్సలోనూ జాప్యాలు అందుకు కారణాల్లో ఉన్నాయని తేలింది. ఉచిత వైద్యం ఉన్న దేశంలోనే సంగతి అది.

తల్లిదండ్రుల చేతిలో ఉన్న గట్టి ఆధారం బిడ్డ మామూలు స్థితి ఏమిటో తెలియడం. మామూలు రోజుల్లో బిడ్డ ఎలా ఉంటాడో, నొప్పి వస్తే ఏం చేస్తాడో, ఏ మందులు ఏ మోతాదులో వాడుతున్నాడో, ఏ మందు పడదో, చివరిసారి తూచిన బరువు ఎంతో ఒక కాగితం మీద రాసి ఫైలు పైన పెట్టుకోవాలి. “వైకల్యం లేని బిడ్డ ఇలా వస్తే మీరు ఏ పరీక్ష చేస్తారో అది చేయండి సార్” అని అడగడంలో అమర్యాద ఏమీ లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆరోగ్య సేవల్లో వివక్షను నిషేధిస్తోంది.

ప్రశ్న: పేదరికం కూడా ప్రమాద కారణమేనా?

నిస్సందేహంగా. ఉగాండా గ్రామీణ ప్రాంతంలో సెరెబ్రల్ పాల్సీ పిల్లలను నాలుగేళ్లు గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, వారి మరణాల రేటు అదే ప్రాంతపు ఇతర పిల్లలకన్నా సుమారు 25 రెట్లు ఉంది. యూనిసెఫ్ 2021 నివేదిక ప్రకారం, వైకల్యం ఉన్న పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు పెరగకపోయే అవకాశం ఇతర పిల్లలకన్నా 34 శాతం, శ్వాసకోశ ఇన్ఫెక్షన్ లక్షణాలు కనిపించే అవకాశం 53 శాతం ఎక్కువ. జన్యువుల వల్ల కాక తిండి, దారి ఖర్చులు, చూసుకునే మనిషి లేకపోవడం వల్ల పెరిగే అంతరం ఇది. కూలికి వెళ్తేగాని గడవని తల్లి ఒక్కో పూట గంటసేపు తినిపించలేదు. ఆమెను నిర్లక్ష్యపు తల్లి అనడం తేలిక.

ప్రశ్న: తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ సాయం దొరుకుతుంది?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఉచిత పరీక్షలు, అక్కడి నుంచి జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలకు పంపే ఏర్పాటు ఉన్నాయి. ఈ కేంద్రాలనే డైక్ సెంటర్లు అంటారు; డైక్ సెంటర్ ఎక్కడని జిల్లా ఆస్పత్రిలో అడిగితే చూపిస్తారు. గుండె ఆపరేషన్ వంటి పెద్ద ఖర్చులకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తుంది. ముందస్తు వైద్య పరీక్ష అడగదు, థెరపీ ఖర్చులు కూడా దానిలో వస్తాయి. సదరం సర్టిఫికెట్ పింఛను కోసమే అనుకుని ఆలస్యం చేసేవారు ఈ బీమా సంగతి గుర్తుంచుకోవాలి. థెరపీ, తల్లిదండ్రుల శిక్షణ కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సంస్థ 1984 నుంచి పనిచేస్తోంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఉన్నాయి.

ప్రశ్న: అన్నీ చేసినా బిడ్డ క్షీణిస్తుంటే?

కొందరు పిల్లల్లో అటువంటి దశ వస్తుంది. న్యుమోనియాలు దగ్గర దగ్గరగా రావడం, ఐసీయూ నుంచి వచ్చిన ప్రతిసారీ ముందున్న స్థితికి చేరకపోవడం, పాలు కూడా అరగకపోవడం దానికి గుర్తులు. అప్పుడు ఉపశమన వైద్యుల సలహా తీసుకోవడం అంటే చికిత్స ఆపేయడం కాదు. ఆయాసం, నొప్పి, కండరాల బిగుతు తగ్గించే మందులు యాంటీబయాటిక్స్‌తో పాటే నడుస్తాయి. ఈసారి ఆయాసం వస్తే వెంటిలేటర్ పెట్టించాలా, ఏ ఆస్పత్రికి వెళ్లాలి, ఇంట్లోనే ఉంచుకోవాలంటే ఏ మందులు దగ్గర ఉండాలి అన్న మాటలు అర్ధరాత్రి క్యాజువాలిటీ గుమ్మంలో కాక, బిడ్డ కాస్త నిలకడగా ఉన్న రోజున, తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నప్పుడు, బిడ్డను ఏళ్లుగా చూస్తున్న డాక్టరు దగ్గర కూర్చుని మాట్లాడుకోవాలి. తీసుకున్న నిర్ణయాన్ని ఎప్పుడైనా మార్చుకునే హక్కు కుటుంబానికి ఉంటుంది. ఇంట్లోని నానమ్మ, తాతయ్యలకు కూడా ఆ నిర్ణయం ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ సమయానికి ఇంట్లో ఉండేది వారే కావచ్చు.